అమ్మ మెచ్చిన బజ్జీ

తెనాలి పట్టణమున ఒక చిన్న ఇంటిలో ఒక తల్లి, ఆమె ఇద్దరు పిల్లలు, వారి అమ్మమ్మ నివసించుచుండిరి. తల్లి దర్జీ దుకాణమున కుట్టుపని చేసి సంసారమును నడుపుచుండెను. జీతము అందిననాడు బజారు మలుపునందలి బండియొద్ద రెండు బ్రెడ్డు బజ్జీలు కొని తెచ్చుట ఆమెకు అలవాటు. కూతురికి ఒకటి, కొడుకునకు ఒకటి. "నీకేదమ్మా?" అని పిల్లలు అడిగినచో, "నాకు నూనె వంటకములు పడవు" అనుచుండెను. పిల్లలు నమ్మిరి. ఇట్టి మాటలను పిల్లలు త్వరగా నమ్ముదురు.

ఒకనాడు అమ్మమ్మ ఆ మాట విని నవ్వెను. "దానికి పడకపోవుటయా! చిన్ననాడు మీ తాతయ్య తిరునాళ్లకు తీసికొనిపోయినచో, బొమ్మలు వద్దు, బజ్జీయే కావలెనని మారాము చేసెడిది" అని చెప్పెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తెకు ఆ రాత్రి చాలసేపు నిద్ర పట్టలేదు.

శనివారము సాయంకాలము అక్కయు తమ్ముడును తాము కూడబెట్టిన డబ్బుతో ఎనిమిది ముక్కల బ్రెడ్డు కొని తెచ్చిరి. రెండేసి ముక్కల చొప్పున నాలుగు బజ్జీలు. ఇంటిలో మనుష్యులును నలుగురే. అమ్మమ్మ పొయ్యియొద్ద పీట వేసికొని కూర్చుండెను.

బంగాళాదుంపలను ఉడికించి మెదిపిరి. ఆవాలు, జీలకర్ర చిటపటలాడిన పిదప ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, అల్లము వేయించి, పసుపు, ఉప్పు చేర్చి, దుంపముద్దను కలిపిరి. "కూర గట్టిగా ఉండవలెను. తడి మిగిలినచో రొట్టె నాని, నూనెలో విచ్చిపోవును" అని అమ్మమ్మ హెచ్చరించెను. కూర చల్లారిన పిదప దానిని రెండు ముక్కల నడుమ పరచి, అంచులు అదిమిరి. శనగపిండిలో కొంచెము బియ్యపుపిండి, ఉప్పు, కారము, వాము, చిటికెడు వంటసోడా వేసి, గరిటెకు పట్టుకొనునంత చిక్కగా కలిపిరి. దక్షిణ అమెరికానుండి వచ్చిన దుంప, పరదేశపు రొట్టె, ఈ శనగపిండి తొడుగుతో మన బజారు బజ్జీ అయినవి!

తమ్మునికి ఓర్పు తక్కువ. నూనె కాగకమునుపే మొదటి బజ్జీని బాణలిలో వదలెను. అది బుడగలైనను లేవక అడుగునకు దిగి, నూనె పీల్చి, తొడుగు ఊడి, రెండుగా విడిపోయెను. బాలుని ముఖము చిన్నబోయెను.

నూనె తగినంత కాగినచో పిండిలోని నీరు వెంటనే ఆవిరియై బయటకు తన్నుకొని వచ్చును. ఆ బుడగలు అవియే. ఆవిరి వెలువడుచున్నంతసేపు నూనె లోనికి సులభముగా చొరలేదు. ఇంతలో పైపొర గట్టిపడును. నూనె సుమారు 180 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో ఉండుట మేలు. ఇంటిలో దానిని కొలుచు సాధనము లేదు గదా! అమ్మమ్మ చిటికెడు పిండిని నూనెలో వేయించెను. అది మాడక, వెంటనే పైకి తేలెను. "ఇప్పుడు వేయుము. పైనుండి పడవేయక, అంచునుండి మెల్లగా జార్చుము" అనెను. తక్కిన మూడును బంగారు వన్నెతో పొంగినవి. చెడినదానిని బాలుడు గిన్నెక్రింద దాచెను.

తల్లి వచ్చి పళ్లెమును చూచెను. "మీరు తినుడు. నాకు..." అని ఆరంభింపగనే కుమార్తె, "తిరునాళ్ల సంగతి అమ్మమ్మ చెప్పినదమ్మా" అనెను. తల్లి తన తల్లివైపు చూచెను. ముదుసలి చూపు తిప్పుకొని చీరకొంగు సర్దుకొనెను. తల్లి, చేతిసంచియైనను దింపక, ఒక బజ్జీని విరిచి తినసాగెను. తుదిముక్కవరకు ఎవరికిని పెట్టలేదు.

"ఉప్పు చాలలేదు" అనెను. పిమ్మట బోర్లించిన గిన్నెను చూచి, "అందులో ఏమున్నది?" అని అడిగెను.

"అది నూనె పీల్చినదమ్మా! నీకు పడదు" అని కుమారుడు అడ్డుపడెను.

తల్లి పకపక నవ్వి, గిన్నె ఎత్తెను.