బాపట్లలో చదువుకోబోయే మనవరాలికి



విశాఖపట్నం వంటి మహానగరంలో పుట్టి పెరిగి, ఇంటర్మీడియెట్ ముగించుకొని, వ్యవసాయ పట్టా కోసం బాపట్ల చేరే విద్యార్థినికి తొలి నెలల్లో పట్టుకునే దిగులును ఇంటిమీది బెంగగానే పెద్దలు లెక్కిస్తారు గాని, అందులో చాలా భాగం ఊరు చిన్నది కావడం వల్ల కలిగేదని గుర్తించరు. నగరంలో ఎవరి దారి వారిది. చిన్న పట్టణంలోనైతే ఒకే కిరాణా కొట్టుకు మూడోసారి వెళ్ళేసరికి ‘ఎవరమ్మాయివి, ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తుంటారు’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. దానిని కూపీ లాగడంగా భావించి ముడుచుకుపోయే పిల్లలు ఎందరో ఉన్నారు. నిజానికి తెలిసిన మనిషికే అప్పు ఇచ్చి, తెలిసిన మనిషికే ఆపదలో తోడు వెళ్ళే అలవాటున్న ఊరు తన లెక్కలోకి ఒక కొత్త పేరు ఎక్కించుకోవడానికి వేసే తొలి ప్రశ్న అది. కనుక ఊరు పేరూ చదువు సంగతీ నిస్సంకోచంగా చెప్పి, తిరిగి వారి యోగక్షేమాలు అడగడం మంచిది. ఆ వరుసలోనే కులం ఆరా తీసేవారు తగిలితే మాట మార్చి ఊరుకోవడం ఏ విధంగానూ మర్యాదకు లోటు కాదు.

బాపట్ల మద్రాసు వెళ్ళే ప్రధాన రైలు మార్గం మీద, తెనాలికీ చీరాలకూ నడుమ ఉన్నందున, శనివారం వచ్చిందంటే సంచి సర్దుకొని స్టేషను దారి పట్టడం వసతిగృహాల్లో సులభంగా అలవడే పద్ధతి. ఇంటి మీద మమకారాన్ని ఎవరూ తప్పుపట్టరు గాని, ప్రతి వారాంతమూ రైలులో గడిపే విద్యార్థిని నాలుగేళ్ళు చదివినా ఆ ఊరికి చుట్టపుచూపుగా వచ్చిన మనిషిగానే మిగిలిపోతుంది. కనీసం దసరా సెలవుల వరకు ఆదివారాలు అక్కడే గడపాలి. కూరగాయల బజారులో పొద్దున్నే బేరమాడాలి, భావనారాయణస్వామి గుడి దగ్గర సాయంత్రం కాసేపు కూర్చోవాలి, మధ్యాహ్నం కొట్లు మూసుకునే వేళలు తెలుసుకోవాలి. ఉత్తరాంధ్ర యాస విని తోటి పిల్లలు నవ్వవచ్చు. ఆ నవ్వుకు జడిసి పలుకు మార్చుకోనక్కరలేదు.

ఈ ఊరి విషయంలో మరొక విశేషం ఉంది. 1945లో ఏర్పడిన వ్యవసాయ కళాశాలలో చదివేవారికి పట్టణమూ పాఠమూ వేరువేరు కావు. తెలుగునాట ఇళ్ళలో వండుకునే సాంబ మసూరి బియ్యం బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన వంగడమే. వంగడమంటే శాస్త్రజ్ఞులు ఎంపికచేసి స్థిరపరచిన పంట రకం. సాంబ మసూరి సాంకేతిక నామం బీపీటీ 5204లోని మూడక్షరాలు ఈ ఊరివే. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఇక్కడి మాగాణుల్లో చాలా వరకు శివారు భూములు, అంటే కాలువ చివరన ఉండి నీరు అన్నిటికంటె ఆలస్యంగా అందుకునేవి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి వద్ద నీరు ఎప్పుడు వదిలారన్న సంగతి కాఫీ హోటలు బల్లల దగ్గర కూడా చర్చకు వస్తుందంటే కారణమిదే, ఆ చర్చను చెవిన వేసుకునే విద్యార్థిని నీటి యాజమాన్యం పాఠాన్ని మరొకరి వివరణ లేకుండానే అర్థం చేసుకోగలదు.

నవంబరు, డిసెంబరు నెలలను ప్రత్యేకంగా గమనించాలి. కోసిన వరిని చేలోనే పరిచి ఆరబెట్టిన చిన్న చిన్న కట్టలను పనలు అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల సమీపానే. నీట మునిగిన పనను చేతిలోకి తీసుకొని కంకిని విప్పి చూస్తే, గింజ కొసన తెల్లని మొలక సూదిమొనలా పొడుచుకువచ్చి ఉంటుంది. కోతకు వచ్చిన గింజ కొన్ని వారాలపాటు తడి తగిలినా మొలకెత్తకుండా ఆగే గుణాన్ని విత్తన సుప్తావస్థ అంటారని పుస్తకం చెబుతుంది. ఆ గుణం లేని రకం వేసిన రైతు ఏమి పోగొట్టుకున్నాడో గట్టున నిలబడి చూసిన విద్యార్థిని, ఆ నిర్వచనాన్ని పరీక్ష తరువాత కూడా మరువదు. అటువంటి రోజుల్లో ఊరంతా మాట తగ్గించి ఉంటుందని తెలుసుకొని మెలగడం కూడా ఊరిలో కుదురుకోవడంలో భాగమే. వాన ముప్పు తప్పిన సంవత్సరాల్లోనైతే, కోతకు రెండు మూడు రోజుల ముందే నిలిచివున్న వరిచేలో మినుములు చల్లి, నేలలో మిగిలిన పదునుతోనే రెండో పంట తీసే డెల్టా రైతు నేర్పును తప్పక చూడాలి.

దాదాపు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక సముద్రతీరానికి స్నేహితులతో వెళ్ళడం సహజం. కార్తిక మాసంలో అక్కడికి జనం వేలాదిగా వస్తారు. విశాఖ తీరాన పెరిగినందువల్ల సముద్రం తెలుసన్న ధీమా మాత్రం కూడదు, లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనిపించవు గనుక మోకాలి లోతు దాటకపోవడమే క్షేమం. దిగులు వారాల తరబడి తగ్గక నిద్రా తిండీ చెడుతుంటే దాచుకోకుండా వార్డెనుకు చెప్పడం, ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఫోను చేయడం అవసరం. ఇంట్లో ఎవరూ దానిని బలహీనతగా తలచరు.

నాలుగో సంవత్సరంలో, ‘రావెప్’ అని విద్యార్థులు పిలుచుకునే గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద పల్లెలకు వెళ్ళి రైతుల వెంట పని చేయవలసి ఉంటుంది. మొదటి మూడేళ్ళూ పట్టణంలో మనుషులతో మాట్లాడటం అలవాటు చేసుకున్న పిల్లకు అక్కడ బెరుకు ఉండదు. ‘మీకు పొలం ఎంత’ అని రైతు అడిగినప్పుడు సెంటు భూమి కూడా లేదని దాపరికం లేకుండా చెప్పి, విత్తనం ఎక్కడ కొన్నారో, ఎకరానికి ఎన్ని బస్తాలు దిగాయో, కౌలు ఎంత కట్టారో అడిగి వ్రాసుకోవాలి. కౌలు సంగతి నలుగురి ముందు కాక, పనులు ముగిసి రైతు ఒంటరిగా ఉన్నప్పుడు అడగడం ఉచితం.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య