మందుబిళ్ళకు పుల్లని వాసన ఎందుకు వచ్చింది?



మా అమ్మకు గుండె జబ్బు. నెత్తురు గడ్డకట్టకుండా రోజూ ఒక చిన్న ఆస్ప్రిన్ బిళ్ళ వేసుకోమన్నారు డాక్టరు గారు. వేళ్ళతో నొక్కి రేకులోంచి బిళ్ళ తీయడం ఆమెకు కష్టం. అందుకని నేనే బిళ్ళలన్నీ ఒలిచి ఒక ఖాళీ సీసాలో పోసి, వంటింటి గూట్లో పెట్టాను. వానాకాలం గడిచాక ఒకరోజు మూత తీసిన అమ్మ, "ఏమిట్రా ఈ పుల్లని వాసన?" అంది. వాసన చూశాను. సందేహం లేదు, వెనిగర్ వాసనే! దాచిన రేకు మీద చూస్తే గడువు తీరడానికి ఇంకా ఏడాది ఉంది. మరి మందు ఎందుకు పాడైంది?

ఆస్ప్రిన్ అసలు పేరు ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లం. నీటి ఆవిరి తగిలితే అది నెమ్మదిగా రెండుగా విడిపోతుంది. ఒకటి సాలిసిలిక్ ఆమ్లం, రెండోది ఎసిటిక్ ఆమ్లం. ఈ రెండోదే వెనిగర్‌లో ఉండేది. విడిపోయిన సాలిసిలిక్ ఆమ్లానికి ఆస్ప్రిన్‌లా నెత్తురు గడ్డకట్టకుండా చేసే గుణం లేదు. అంటే అమ్మ రోజూ మందు వేసుకుంటున్నాననే అనుకుంటోంది. ఆ బిళ్ళలో మందు తరిగిపోతోంది. తప్పు నాది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లే కృష్ణా డెల్టాలో ఉంటూ, చెమ్మ తగలకుండా కాపాడే రేకును నేనే తీసి పారేశాను.

చెమ్మకు వేడి తోడైతే మరీ ప్రమాదం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయనిక చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుంది. 25 డిగ్రీల దగ్గర ఉంచవలసిన మందును బెజవాడ మే నెలలో, 45 డిగ్రీల ఎండలో ఉంచామనుకోండి. పెరిగింది 20 డిగ్రీలు. రెండు రెళ్ళు నాలుగు. మందు నాలుగు రెట్లు త్వరగా పాడవుతుందన్నమాట! గడువు తేదీ ఒక షరతు మీద ఇచ్చిన మాట. రేకు మీద రాసినట్లు భద్రపరిస్తేనే అది చెల్లుతుంది.

అందుకే మందుల షాపు కిరాణా కొట్టులాంటిది కాదు. 1940 నాటి ఔషధ చట్టం, 1945 నాటి నియమాల ప్రకారం దానికి లైసెన్సు ఉండాలి. దాన్ని అందరికీ కనబడేలా గోడకు తగిలించాలి. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులను రిజిస్టరైన ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అది ప్రోటీను కనుక వేడికే కాదు, గడ్డకట్టినా చెడుతుంది. గడువు ముందు తీరే సరుకును ముందు అమ్మాలి. తీరిపోయినదాన్ని వేరుగా పెట్టాలి.

గడువు తీరిన మందు పనిచేయకపోవడమే కాదు, ఒక్కొక్కప్పుడు హాని కూడా చేస్తుంది. పొరుగు గోదావరి డెల్టాలోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మీకు తెలుసు కదా? అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనల ఫలితంగా 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఎన్నో ప్రాణాలు కాపాడిన కుటుంబం అది. అయినా, పాడైపోయిన పాత టెట్రాసైక్లిన్ వేసుకున్నవారికి మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు 1963లో వైద్యులు గుర్తించారు. ప్రాణదాత అయిన మందు కూడా చెడితే అపకారే!

ఇక మన వంతు. బిల్లు తప్పక అడిగి తీసుకోండి. దాని మీది బ్యాచ్ నంబరు రేకు మీది నంబరుతో సరిపోవాలి. ఒక విడత సరుకు నాసిరకమని ప్రభుత్వ ప్రయోగశాల తేల్చితే, దాన్ని వెనక్కి రప్పించడానికి ఆ నంబరే ఆధారం. గడువు నెల మాత్రమే వేసి ఉంటే, ఆ నెల చివరి రోజు వరకని అర్థం. ఎర్రగీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా కొనకండి.

చేసి చూడండి: మీ సైన్సు మాస్టారి సమక్షంలో కొత్త ఆస్ప్రిన్ బిళ్ళను, చెమ్మగిల్లిన పాత బిళ్ళను విడివిడిగా పొడిచేసి, రెండు పరీక్షనాళికల్లో కొద్ది నీటిలో కలపండి. ఒక్కొక్కదానిలో రెండు చుక్కల ఫెర్రిక్ క్లోరైడు వేయండి. ఊదారంగు దేనిలో ఎక్కువ వచ్చింది? సాలిసిలిక్ ఆమ్లం అక్కడే ఎక్కువ ఉంది. దేన్నీ రుచి చూడకండి సుమా!

ఇంటికి వెళ్ళాక మీ అమ్మమ్మ, తాతయ్యల మందుల పెట్టె ఎక్కడుందో చూడండి. పొయ్యి పక్కనా? కిటికీ ఎండలోనా? అయితే ఈ రోజే చోటు మార్చండి. మా అమ్మ బిళ్ళలు ఇప్పుడు రేకులోనే ఉంటున్నాయి. రోజుకొకటి నేనే తీసి ఇస్తున్నాను.