తీర్పు రాసే చేత్తోనే పరీక్ష రాయండి

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదివేవాళ్లలో చాలామంది సెక్షన్లు గడగడా అప్పజెప్పేస్తారు. తీరా ఒక వ్యాజ్యం ఇచ్చి తేల్చమంటే పెన్ను కదలదు. చదవడానికి ఏళ్లు ఇచ్చి, రాయడానికి పరీక్షకు ముందు నెల మిగుల్చుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ నియామకాలు హైకోర్టే చూస్తుంది. ఆబ్జెక్టివ్ స్క్రీనింగ్ గడప దాటడానికి మాత్రమే. అసలు పోటీ సివిల్, క్రిమినల్, ఇంగ్లిష్ రాతపేపర్లలో ఉంటుంది. ఆ తర్వాత వైవా.

మన కోర్టుల్లో రోజూ కనిపించే ప్రామిసరీ నోటు దావానే తీసుకోండి. రెండు లక్షలు అప్పిచ్చానని వాది అంటాడు. ‘సంతకం నాదే గానీ, చిట్టీ పాడినప్పుడు పూచీ కింద ఖాళీ నోటు మీద పెట్టించుకున్నారు, నాకు పైకం ముట్టలేదు’ అని ప్రతివాది జవాబుదావా వేస్తాడు. పుస్తకం మూసేసి ముందు ఇష్యూలు రాయండి. నోటుకు ప్రతిఫలం ఉందా? దావా గడువులోపే పడిందా? రుజువు భారం ఎవరిది?

సంతకం ఒప్పుకున్నాక, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ప్రకారం ప్రతిఫలం ముట్టినట్టే కోర్టు భావిస్తుంది. కాదని చూపించాల్సింది ప్రతివాది. ఒట్టి నోటిమాట చాలదు. అలాగని క్రిమినల్ కేసులోలా అనుమానానికి తావులేకుండా నిరూపించనక్కర్లేదు. తన మాటే ఎక్కువ నమ్మదగ్గదని చూపితే భారం మళ్లీ వాది మీద పడుతుంది. చిట్టీ పుస్తకం దాఖలు చేశాడా? అంత డబ్బిచ్చే స్తోమత వాదికి ఉందా? నోటు రాసినాయన బోనెక్కాడా? ఇక గడువంటారా, డిమాండ్ నోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లు. ఆ లోపే కొంత చెల్లించి నోటు వెనక జమ రాసి సంతకం పెడితే లెక్క కొత్తగా మొదలవుతుంది.

చూడండి, ఒక్క దావాలో సాక్ష్యం, కాలపరిమితి, సీపీసీ అన్నీ కదిలాయి. తీర్పులో కేసు సంగ్రహం, తేల్చాల్సిన అంశాలు, వాటిపై నిర్ణయం, కారణాలు ఉండాలని సీపీసీ ఆర్డర్ 20 రూల్ 4 చెబుతుంది. మీ జవాబుకూ అదే చట్రం వాడండి. వారానికి రెండు రాసి, సీనియర్‌కు చూపించి దిద్దించుకోండి.

క్రిమినల్ పేపర్‌కు 2024 జులై 1 గీత లాంటిది. ఆ రోజు నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష ఐపీసీ 302వ సెక్షన్ నుంచి సంహితలో 103కు మారింది. అంతకుముందు జరిగిన నేరాలకు మాత్రం ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి పాత పుస్తకాలను తూకానికి వేసేయకండి.

2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను మళ్లీ తెచ్చాక ఎంతోమంది కుంగిపోయారు. ఇంట్లోవాళ్లకు భారం కాకూడదనుకునే మొదటితరం పిల్లలకు, పట్నంలో గది అద్దె కట్టుకునే అమ్మాయిలకు అది నిజంగా కష్టమే. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ మూడేళ్లు చదువుకు అడ్డమని మాత్రం ఒప్పుకోను. వాయిదా తీసుకుని బయటికొచ్చేయకుండా మధ్యాహ్నం దాకా హాల్లోనే కూర్చోండి. క్రాస్‌లో ఏ ప్రశ్నకు సాక్షి తడబడ్డాడో, ఏ ప్రశ్నను జడ్జిగారు ఆపేశారో, ఎందుకు ఆపారో రాసుకోండి. సాక్ష్య చట్టం అక్కడ వచ్చినంత బాగా గదిలో రాదు.

తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ పేపరంటే బెంగ. మీ ఆఫీసులో ఉన్న తెలుగు వాంగ్మూలం తీసి రోజూ పది లైన్లు ఇంగ్లిష్‌లోకి మార్చండి. హద్దులు, విస్తీర్ణం, ఎవరు ఎవరితో అన్నారన్నది తారుమారు కాకపోతే చాలు, భాష సాదాగా ఉన్నా ఫర్వాలేదు.

వైవాకు ఒక సాధన చెబుతాను. పై నోటు దావాలోనే ఒకసారి వాదికి డిక్రీ ఇస్తూ, ఇంకోసారి దావా కొట్టేస్తూ రెండు తీర్పులు రాయండి. ఎదురుగా కూర్చునే హైకోర్టు న్యాయమూర్తులు మీ జవాబును కావాలనే కాదనవచ్చు. అవతలిపక్షం వాదన మీ చేత్తో రాసి ఉంటే గాభరా పడరు. మీ మాట నిలబెట్టుకోవాల్సిన చోట నిలబెట్టుకుంటారు, వాళ్ల మాట సబబైతే సరేనంటారు, తెలియనిది తెలియదని చెప్పేస్తారు.