రైలు పెట్టెను వేలంలో కొంటే

ప్రశ్న: మాది పరవాడ. ఫార్మా సిటీకి వెళ్లే దారిలో మాకు కొంత స్థలం ఉంది. రైల్వేవాళ్లు వాడకం మానేసిన పాత పెట్టె ఒకటి ఆన్‌లైన్ వేలంలో కొని, అందులో టిఫిన్ సెంటర్ పెడదామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. కొన్నాక లోపం బయటపడితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: ఆ దారి మీకు దాదాపు మూసుకుపోయినట్టే. వ్యాపారానికి కొన్నవారిని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగా చూడదు. బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునే పనికైతే మినహాయింపు ఉంది, మీ అబ్బాయి తానే పొయ్యి దగ్గర నిలబడేటట్టయితే అలా వాదించుకోవచ్చు. అసలు చిక్కు వేలంతోనే. చండీగఢ్ పాలనా యంత్రాంగానికీ అమర్‌జీత్ సింగ్‌కూ నడిచిన కేసులో, ఉన్నది ఉన్నట్టుగా వేలం వేసిన స్థలాన్ని పాడుకున్నవారు వినియోగదారులు కారని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. అది స్థలాల కేసు. అయినా అవతలి వకీలు ముందుగా దాన్నే బయటికి తీస్తాడని నా అంచనా.

గుంటూరు, కాచిగూడ స్టేషన్లలో రైలు పెట్టె హోటళ్లు చూసి మీ అబ్బాయికి ఈ ఆలోచన వచ్చి ఉండవచ్చు. అక్కడ పెట్టె రైల్వేదే, స్థలమూ రైల్వేదే. నడిపేవారికి ఉన్నది కొంతకాలపు హక్కు మాత్రమే. మీరు అడుగుతున్నది పూర్తిగా సొంతం చేసుకోవడం గురించి. అంటే తుక్కు వేలానికి వెళ్లాలి.

రైల్వే తుక్కు వేలాలు ఐఆర్‌ఈపీఎస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో జరుగుతాయి. దాని చిరునామా చివర ‘జీఓవీ డాట్ ఇన్’ ఉంటుంది. ఆ తోక లేని సైట్‌లో, వాట్సాప్‌లో ఫొటోలు పంపి ‘దువ్వాడ యార్డులో పెట్టె ఉంది, అడ్వాన్సు కొట్టండి’ అనేవారికి ఒక్క రూపాయి కూడా పంపవద్దు. పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఖాతాలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ.

అసలు వేలంలో మీకు చట్టం కన్నా ముందు కేటలాగ్ వర్తిస్తుంది. ‘ఉన్నచోట, ఉన్నట్టుగా’ అన్న షరతు దాదాపు ప్రతి తుక్కు వేలంలోనూ ఉంటుంది. వస్తువు నాణ్యత మీద మామూలు అమ్మకంలో కొనేవారికి దక్కే భరోసాలను 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం ప్రకారం ఒప్పందంతో తీసేయవచ్చు. ఈ షరతు చేసే పని అదే. తుప్పు, విరిగిన నేల, కారే పైకప్పు మీరు చూసుకోవాల్సినవి. అయితే కేటలాగ్‌లో రాసిన వస్తువు ఒకటై, మీకు అప్పగించినది మరొకటైతే ఆ చట్టమే మీ పక్షాన నిలబడుతుంది. కాబట్టి యార్డుకు వెళ్లి చూడండి, లాట్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి, కేటలాగ్ ప్రింటు దాచుకోండి. చక్రాలు, బ్యాటరీలు, సీట్లు అమ్మకంలో ఉన్నాయో లేదో చదవండి. మనం పెట్టెనంతా బోగీ అంటాం. రైల్వే కాగితాల్లో బోగీ అంటే కింది చక్రాల అమరిక, పెట్టెను కోచ్ అని రాస్తారు. తక్కువ ధరకు ‘బోగీలు’ కనిపించాయని సంబరపడకండి.

ఊళ్లో వేలంలో ఒకటోసారి, రెండోసారి అన్నాక కూడా మూడోసారి అనేలోపు పాట వెనక్కి తీసుకోవచ్చని అమ్మకపు చట్టంలోని 64వ సెక్షన్ చెబుతుంది. ఆన్‌లైన్‌లో ఈ సౌకర్యం మీకు దక్కకపోవచ్చు. రిజిస్టరయ్యేటప్పుడు మీరు నొక్కిన ‘అంగీకరిస్తున్నాను’లోనే పాట వెనక్కి తీసుకోనన్న మాట ఉండవచ్చు. ఇంకో సంగతి, అందరికన్నా ఎక్కువ పాడినంత మాత్రాన వస్తువు మీది అయిపోదు. అధికారి ఆమోదించేదాకా ఒప్పందం పూర్తి కానట్టేనని హర్యానా పట్టణాభివృద్ధి సంస్థ కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈలోపు లారీ మాట్లాడేసుకోవద్దు.

ధరావతు జప్తు గురించి చాలామంది భయపడతారు. ఢిల్లీలో 1982లో ఒక స్థలాన్ని వేలంలో పాడి పాతిక శాతం కట్టిన కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ సొమ్మును అక్కడి అభివృద్ధి సంస్థ జప్తు చేసి, ఆ స్థలాన్ని తరువాత చాలా ఎక్కువ ధరకు అమ్మింది. పాడినవారి తప్పు లేదని, సంస్థకు నష్టమూ రాలేదని సుప్రీంకోర్టు 2015లో సొమ్ము తిరిగి ఇప్పించింది. ఒప్పంద చట్టం 74వ సెక్షన్ కింద దక్కేది సహేతుకమైన పరిహారమే. ఒప్పందం కుదరకముందే వేలం షరతుల ప్రకారం జరిగే జప్తుకు ఆ రక్షణ లేదని కూడా అదే తీర్పులో ఉంది.

డబ్బు కట్టాక గడువులోగా సరుకు తీసుకెళ్లకపోతే గ్రౌండ్ రెంటు పడుతుంది. ఇక్కడే పరవాడ కొనుగోలుదారు నిజంగా తడబడేది. పాత ఐసీఎఫ్ పెట్టె సుమారు 21 మీటర్ల పొడవు, మూడు మీటర్లకు పైగా వెడల్పు. రోడ్డు మీద వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదని మోటారు వాహనాల నిబంధనలు. అనుమతి లేకుండా ఎక్కిస్తే లోడు పక్కకు పొడుచుకొచ్చినందుకే 20,000 రూపాయల జరిమానా. లంకెలపాలెం కూడలి మలుపు, దారిలో ఈపీడీసీఎల్ కరెంటు తీగలు సరేసరి. ట్రైలరు, క్రేను ఖర్చు పాటకు ముందే లెక్కేయండి. పన్నులు వేరే.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, దొంగిలించినదనో అక్రమంగా సంపాదించినదనో అనుమానించదగిన రైల్వే వస్తువు మీ దగ్గర దొరికితే, అది సక్రమంగా వచ్చిందని నిరూపించుకోవాల్సింది మీరే. మొదటి నేరానికే ఐదేళ్ల దాకా జైలు. ప్రత్యేక కారణాలుంటే తప్ప ఏడాదికి తగ్గదు. విచారణ చేసేది రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్). అందుకే అమ్మకపు ఉత్తర్వు, డబ్బు కట్టిన రసీదు, డెలివరీ కాగితం, గేటు పాసు లామినేషన్ చేయించి కౌంటరు వెనకే పెట్టుకోండి. టిఫిన్ సెంటర్‌కు అందంగా ఉంటాయని పాత ఇనుము కొట్లో రైల్వే ముద్ర ఉన్న ఫ్యాన్లు, సీట్లు బిల్లు లేకుండా కొనడం మరీ ప్రమాదం. పెట్టె సక్రమంగా కొన్నవాడు కూడా వాటి వల్ల కేసులో ఇరుక్కోవచ్చు. బ్యాటరీలు వస్తే వాటిని అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి.

పెట్టె వచ్చాక పంచాయతీ అనుమతి, ఆహార భద్రత లైసెన్సు మామూలే.

రైల్వే మాట తప్పితే? కేటలాగ్‌లో మధ్యవర్తిత్వ నిబంధన ఉందేమో ముందు చూడండి. సివిల్ దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ఆ రైల్వే జనరల్ మేనేజర్‌కు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. వాణిజ్య వివాదం విలువ మూడు లక్షల రూపాయలకు తక్కువ కాకపోతే, అత్యవసర ఊరట కోరితే తప్ప, ముందుగా మీడియేషన్ తప్పనిసరి. మీ పాటను ఎందుకు తిరస్కరించారో తెలియాలంటే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు చాలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, ఆదాయం తక్కువగా ఉన్నవారు 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.