పలుకును పదిలపరచుట: డైనమిక్ మైకా, కండెన్సర్ మైకా?

అక్షరం మాటను నిలుపుతుంది గాని పలుకును నిలుపలేదు. ఒక సామెతను కాగితం మీద వ్రాసికొనవచ్చును. ఆ సామెత చెప్పిన అవ్వ ఏ పదాన్ని ఒత్తి పలికినదో, ఎక్కడ ఆగి నవ్వినదో కాగితం చెప్పదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వెలువడినపుడు రైతుల నోట ఉన్న ఎన్నో మాటలు గ్రంథస్థమైనవి. తెలుగు భాషకు అది చిరస్మరణీయమైన సేవ. అయినప్పటికీ ఆ కోశం పుటలు తిరగవేసినపుడు మనకు మాట కనిపిస్తుంది. దానిని పలికిన గొంతు వినిపించదు.

గొంతును నిలుపగల సాధనం నేడు విద్యార్థులకు అందుబాటులో ఉన్నది. ఇంట నానీమా పాడే దక్ఖనీ లోరీలను, ఊరి పెద్దలు చెప్పే తెలుగు కథలను, పీర్ల పండుగనాడు పల్లెలలో వినిపించే పాటలను రికార్డు చేసి తెచ్చే విద్యార్థులను మేము చూస్తున్నాము. ఇది ఎంతో సంతోషదాయకం. వారు తరచుగా మమ్ము అడిగే ప్రశ్న ఒకటున్నది: “డైనమిక్ మైకు కొనమంటారా, కండెన్సర్ మైకు కొనమంటారా?” మేము భౌతికశాస్త్ర అధ్యాపకులము కాము. అయితే తెలుగు పలుకును పాఠంగా చెప్పేవారికి ఆ పలుకును మోసుకొని వచ్చే సాధనం సంగతి తెలియకపోవుట తగదు. కనుక ఆ ప్రశ్నకు సమాధానాన్ని ఇక్కడ వివరింపదలచుకొన్నాము.

రెండింటి నిర్మాణం

మైకు ఏ రకమైనదైనా దాని పని ఒక్కటే. గాలిలో పుట్టిన కంపనాన్ని విద్యుత్తుగా మార్చటమే ఆ పని. ఆ మార్పు జరిగే విధానంలోనే భేదమున్నది.

డైనమిక్ మైకులో ఒక పలుచని పొర, దానికి అతికించిన సన్నని తీగచుట్ట, ఆ చుట్ట చుట్టూ ఒక అయస్కాంతం ఉంటాయి. ధ్వని తాకగానే పొర కదులుతుంది. పొరతోపాటు తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో ముందుకూ వెనుకకూ ఆడుతుంది. తీగలో విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇది. దీనికి బయటినుండి విద్యుత్ సరఫరా అవసరం లేదు. నిర్మాణం దృఢమైనది; చేయి జారి పడినా సాధారణంగా చెడిపోదు. సభావేదికలపై మనం చూసే ఇనుప జాలీ తలగల చేతిమైకులలో అధికభాగం ఈ రకానివే. 1966లో వెలువడిన షూర్ ఎస్.ఎం. 58 అనే మైకు నేటికీ ప్రపంచమంతటా వేదికలపై వాడుకలో ఉన్నది.

కండెన్సర్ అన్నది కెపాసిటర్‌కు పాత పేరు. ఈ మైకులో మిక్కిలి పలుచనైన, విద్యుద్వాహకమైన పొర ఒకటి, దాని వెనుక కదలని లోహపు పలక ఒకటి ఉంటాయి. పొర కంపించినపుడు రెండింటి నడుమ దూరం మారుతుంది. దానితో కెపాసిటీ మారుతుంది. ఆ మార్పే విద్యుత్ సంకేతమవుతుంది. 1916లో అమెరికాలో ఎడ్వర్డ్ వెంటీ దీనిని రూపొందించెను. ఇందులో తీగచుట్ట బరువు లేదు గనుక పొర అతి స్వల్పమైన కంపనానికి కూడా స్పందిస్తుంది. అయితే దీనికి విద్యుత్ సరఫరా తప్పనిసరి. స్టూడియో మైకులకు సాధారణంగా మైకు తీగ గుండానే 48 వోల్టుల విద్యుత్తును పంపుతారు. దీనికి ఫాంటమ్ పవర్ అని పేరు.

1962లో గెర్‌హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బెల్ ప్రయోగశాలలో, శాశ్వతంగా విద్యుదావేశాన్ని నిలుపుకొనే పలుచని రేకుతో ఎలెక్ట్రెట్ మైకును రూపొందించినారు. దానితో కండెన్సర్ మైకు చిన్నదైనది, చవకైనది. చొక్కాకు తగిలించే కాలరు మైకులు సామాన్యంగా ఎలెక్ట్రెట్ రకానివే. నేటి సెల్‌ఫోనులలోని సూక్ష్మమైన మైకులు కూడా చాలావరకు కెపాసిటర్ సూత్రం మీదనే పనిచేస్తాయి. కనుక కండెన్సర్ మైకు మన విద్యార్థులకు అపరిచితమైనది కాదు. అది వారి జేబులోనే ఉన్నది.

ఒక అపోహ

“డైనమిక్ మైకు గదిలోని రొదను పట్టదు, కండెన్సర్ మైకు అంతటినీ పట్టివేస్తుంది” అన్న మాట బహుళ ప్రచారంలో ఉన్నది. అనుభవం దృష్ట్యా ఇది నిజమువలె తోస్తుంది. కాని కారణాన్ని విచారింపక ఈ మాటను నమ్మి మైకు కొన్నవారు తరచుగా నిరాశ పొందుతారు.

ఏ మైకుకూ ఇది అమ్మమ్మ గొంతు, ఇది పంకా చప్పుడు అనే వివేకం లేదు. ముందువైపు ధ్వనిని ఎక్కువగాను, వెనుకవైపు ధ్వనిని తక్కువగాను గ్రహించే కార్డియాయిడ్ మైకులు రెండు రకాలలోనూ ఉన్నవి. అటువంటి ఒక డైనమిక్ మైకును, ఒక కండెన్సర్ మైకును పక్కపక్కన ఒకే దూరంలో ఉంచి, రెండింటి ధ్వనిని సమానమైన స్థాయికి పెంచి వినండి. గొంతుకూ పంకాకూ నడుమ ఉండే నిష్పత్తి రెండింటిలోనూ దాదాపు ఒక్కటిగానే ఉంటుంది.

మరి భేదం ఎక్కడ వచ్చినది? దూరంలో వచ్చినది. ఒకే ధ్వని తాకినపుడు, పైన చెప్పిన ఎస్.ఎం. 58 ఇచ్చే విద్యుత్తుకంటె ఒక మంచి స్టూడియో కండెన్సర్ మైకు సుమారు 10 రెట్లు ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. ఆ కారణంచేత డైనమిక్ మైకును వాడేవారు దానిని నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకొంటారు. కండెన్సర్ మైకు చక్కగా వినగలదు గదా అని దానిని బల్ల మీద, రెండడుగుల దూరంలో ఉంచుతారు.

ఇప్పుడు చిన్న లెక్క వేసి చూతము. బెత్తెడు అనగా సుమారు 3 అంగుళాలు; రెండడుగులు 24 అంగుళాలు. దూరం 8 రెట్లు పెరిగినది. నోటినుండి నేరుగా వచ్చే ధ్వనిపీడనం దూరానికి విలోమానుపాతంలో తగ్గుతుంది గనుక గొంతు ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. పైకప్పున తిరిగే పంకా మాత్రం రెండు చోట్లకూ ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నది. దాని చప్పుడు తగ్గదు. గొంతు ఎనిమిదవ వంతై, పంకా చప్పుడు అట్లే ఉన్నపుడు వినేవారికి పంకాయే పెద్దదిగా వినిపించుట సహజం. ఇందులో కండెన్సర్ మైకు దోషమేమీ లేదు.

కనుక మొదట అడుగవలసినది “ఏ మైకు?” అన్న ప్రశ్న కాదు. “గొంతుకు ఎంత దగ్గరగా పోగలము? ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉన్నది?” అన్నవే మొదటి ప్రశ్నలు. వాటి జవాబును బట్టి మైకు దానంతట అదే తేలుతుంది.

కొన్ని సందర్భాలు

మొదటిది, ఒక్కరే కూర్చుండి చదివే సందర్భం. చూపులేని విద్యార్థుల కొరకు పాఠ్యపుస్తకాన్ని చదివి రికార్డు చేయవలె ననుకొందాము. ఇల్లు రోడ్డు పక్కన ఉన్నది. ఆటోల మోతలు, పొరుగింటి కుక్కరు కూతలు తప్పవు. చదివేవారు మైకుకు దగ్గరగా కూర్చుండగలరు. ఇక్కడ డైనమిక్ మైకు చాలును. అయితే దగ్గరగా పెట్టిన కార్డియాయిడ్ మైకులో మంద్రధ్వని హెచ్చి, గొంతు ఉన్నదానికంటె బొంగురుగా వినిపిస్తుంది. ప, ఫ, భ వంటి అక్షరాల వద్ద ఊపిరి తాకి ‘ధబ్’ మను శబ్దం వస్తుంది. మైకును నోటికి తిన్నగా కాక కొంచెం పక్కకు జరిపి, నడుమ పాప్ ఫిల్టరును అమర్చినచో ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

రెండవది, వృద్ధుల జ్ఞాపకాలు. నడివేసవిలో ఎనభై ఏండ్ల అవ్వ ఇంటికి పోయి పంకా ఆపుమని కోరుట ధర్మం కాదు. ఆమె ముఖం ముందు బెత్తెడు దూరాన మైకు నిలిపితే ఆమె చెప్పదలచిన కథ గొంతులోనే ఆగిపోవచ్చును. చేతిమైకు ఇచ్చినచో మాటల సందడిలో ఆమె చేయి ఒడిలోకి జారుతుంది. డైనమిక్ మైకు తక్కువ విద్యుత్తు ఇస్తుంది గనుక, మెల్లని గొంతు దూరమైనపుడు ఆంప్లిఫయర్‌ను ఎంతో పెంచవలసి వస్తుంది. చవక పరికరాలలో అప్పుడు ‘సుయ్’ మను సద్దు పైకి లేస్తుంది. ఇటువంటి చోట కాలరు మైకు మేలు. చీర కొంగుకో, దుపట్టాకో, గడ్డం కింద జానెడు దూరంలో దానిని తగిలించవలెను. అది కండెన్సర్ రకమే. అయినను గొంతుకు దగ్గరగా ఉన్నది గనుక పంకాను జయిస్తుంది. కాసేపటికి అవ్వ దానిని మరచిపోతుంది. దూరమే ప్రధానమన్న మా మాటకు ఇంతకంటె మంచి నిదర్శనం లేదు.

మూడవది, బుర్రకథ వంటి కళారూపం. పద్మశ్రీ షేక్ నాజర్ గారి (1920–1997) వలన తెలుగునాట అఖండ ఖ్యాతి పొందిన ఈ కళలో కథకుడు ఒకచోట నిలువడు. తంబురా మీటుతూ, వ్రేలి అందెలు మోగిస్తూ, అడుగులు వేస్తూ కథ చెబుతాడు. ఇరువైపులా వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన పలుకుతారు. నిలువుకోలకు బిగించిన ఒక్క డైనమిక్ మైకు ముందు ఈ కథ చెప్పించితే, కథకుడు ఒక అడుగు వెనుకకు వేసినంతనే గొంతు సన్నగిల్లుతుంది. నిశ్శబ్దమైన హాలులో, దళానికి ఐదారడుగుల ముందు మంచి కండెన్సర్ మైకులు రెండు నిలిపినచో గొంతు, గుమ్మెట, అందెల మువ్వ సవ్వడి అన్నీ తమ తమ స్థానాలలో వినిపిస్తాయి. అదే కథ ఊరి జాతరలో, లౌడుస్పీకర్ల నడుమ జరుగుతున్నపుడు ఆ పద్ధతి పనికిరాదు. అక్కడ ముగ్గురికీ దగ్గరగా వేరువేరు మైకులు ఉండవలసిందే. వాటికి డైనమిక్ రకమే తగినది.

నాలుగవది, ఉచ్చారణ పరిశీలన. తెలుగులో శ, ష, స భేదమును, ఉర్దూలో ఖే, గైన్ వంటి కంఠ్యధ్వనులను పరిశీలింపగోరే విద్యార్థికి ధ్వనిలోని పై పౌనఃపున్యాలు ముఖ్యం. పాత టెలిఫోనులో సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల వరకే ధ్వని సాగేది. అందుచేతనే అందులో కొన్ని ఊష్మాక్షరాలు ఒకదానివలె మరొకటి వినిపించేవి. ఎస్.ఎం. 58 సుమారు 15,000 హెర్ట్జ్‌ల వరకు గ్రహిస్తుంది గనుక మాటలోని భేదాలకు లోటు రాదు. స్టూడియో కండెన్సర్ మైకులు 20,000 వరకు పోతాయి. ఆ అదనపు సూక్ష్మత నిశ్శబ్దమైన గదిలోనే ప్రయోజనకరం. రొద ఉన్న చోట ఆ రొదనే సూక్ష్మంగా వినిపించును.

కొనుటకు ముందు

విద్యార్థులకు మేము చెప్పే పరీక్ష ఒకటున్నది. రికార్డు చేయదలచిన గదిలో సెల్‌ఫోనును నిలిపి, ఎవ్వరూ మాట్లాడకుండ ఒక నిమిషం రికార్డు చేయండి. పిదప హెడ్‌ఫోను పెట్టుకొని వినండి. నిశ్శబ్దమనుకొన్న గదిలో ఫ్రిజ్ గొణుగుడు, ట్యూబులైటు రొద, వీధి మోత వినిపిస్తాయి. తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, నేలపై బొంత పరచి మరల వినండి. ఈ పనికి డబ్బు ఖర్చు లేదు. కాని మైకు మార్చుటకంటె దీనివలన ఫలితం ఎక్కువగా కలుగవచ్చును. రొద వచ్చే దిశకు కార్డియాయిడ్ మైకు వెన్ను చూపునట్లు అమర్చుట కూడా మరువరాదు.

కండెన్సర్ మైకు కొనేవారు తమ పరికరంలో 48 వోల్టుల సరఫరా ఉన్నదీ లేనిదీ ముందే చూచుకొనవలెను. కంప్యూటరుకు నేరుగా తగిలించే యు.ఎస్.బి. మైకులకు ఆ చిక్కు లేదు. తేమ తగిలినపుడు కండెన్సర్ మైకు చిటపటమనవచ్చును. కోస్తా జిల్లాలవారు వానకాలంలో దానిని సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచుట మంచిది. ఊరూరా తిరిగి, బస్సులలో సంచిలో వేసికొని పోయేవారికి డైనమిక్ మైకు నమ్మకమైన తోడు.

కళాశాలకు రెండు రకాలూ ఉండుట వాంఛనీయం. ఒక్క విద్యార్థి తన సొంత డబ్బుతో ఒక్కటే కొనగలిగినచో, ఇంట కూర్చుండి తన గొంతు రికార్డు చేసికొనేవారికి డైనమిక్ మైకును, పెద్దల మాటలు సేకరింపబోవువారికి కాలరు మైకును మేము సూచిస్తాము.

ఏదీ కొనలేనివారు దిగులుపడి ఆగవద్దు. సెల్‌ఫోనును ఒక పుస్తకంపై నిలిపి, మాట్లాడేవారికి జానెడు దూరంలో ఉంచండి. వారి అనుమతి పొందండి. మొదట వారి పేరు, ఊరు, వయస్సు, ఆనాటి తేదీ వారి నోటనే చెప్పించండి. తరువాత వారిని మాట్లాడనివ్వండి. మంచి మైకు వచ్చే ఏడాది కొనవచ్చును. నేడు మన ముందు కూర్చున్న ఎనభై ఏండ్ల గొంతు వచ్చే ఏడాది దాకా వేచి ఉండునో లేదో చెప్పలేము. ఈ వేసవి సెలవులలో ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క గొంతును తెచ్చి కళాశాల గ్రంథాలయంలో చేర్చినచో, రాబోవు తరంవారికి మనం పుస్తకాలతోపాటు పలుకులను కూడా ఇచ్చినవారమవుతాము.