గుర్రం నేర్పే ధైర్యం



మన వార్షికోత్సవ సంచికలో పోటీ పరీక్షల గురించీ ఆరోగ్యం గురించీ వ్యాసాలు వస్తూనే ఉంటాయి. ఈసారి మేము గుర్రం గురించి రాస్తున్నాం. తాడేపల్లిలో కూర్చుని గుర్రం ముచ్చటేమిటని నవ్వుకోవద్దు. పెద్దవాళ్ళనడిగితే బెజవాడ, తెనాలి జట్కాల గురించి చెబుతారు. ఇప్పుడు గుర్రం ఎక్కువగా కనిపించేది పెళ్ళి ఊరేగింపులోనే.

మనలో చాలామందికి మార్కులు వస్తాయి గానీ నోరు పెగలదు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. పి.జి.లో చేరాక కూడా సెమినార్ అంటే కాళ్ళు వణికేవి. "ధైర్యంగా ఉండు" అని అందరూ అంటారు. ఎలా ఉండాలో చెప్పేవారే తక్కువ. ఆ "ఎలా"కి గుర్రం దగ్గర ఒక జవాబుంది.

గుర్రం నాలుగైదు వందల కిలోల బరువుండే జంతువే అయినా పిరికిది. వేటాడే జంతువులకు ఆహారమైన జాతి కనుక అనుమానం వస్తే ముందు పరుగెడుతుంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు చుట్టూ చూస్తుంది. సరిగ్గా వెనుక, నుదుటికి ఎదురుగా మాత్రం కనబడదు. అందుకే వెనుక నుంచి పోకూడదు. మాట్లాడుతూ ఎడమ భుజం వైపు నుంచి మెల్లగా వెళ్ళాలి. చెవులు వెనక్కి అంటించిందంటే కోపం. మన వైపు తిప్పిందంటే వింటున్నట్టు. తాడును చేతికి చుట్టుకోకూడదు, అది లాగితే మనమూ వెళ్ళిపోతాం.

స్వారీ తరువాతి మాట. ముందు ఒళ్ళు తోమడం, డెక్కల్లో మట్టి తీయడం, దాణా పెట్టడం, తాడు పట్టుకుని నడిపించడం. (ఉలవలను ఇంగ్లీషువాళ్ళు 'హార్స్ గ్రామ్' అన్నారు, మనమేమో చారు కాచుకుంటాం!) మనం బెదిరితే అదీ బెదురుతుంది. అరిస్తే దూరం జరుగుతుంది. ఊపిరి నిదానంగా తీసుకుని, ఎటు పోవాలో తేల్చుకుని అడుగు వేస్తే వెంట వస్తుంది. మన ఇంగ్లీషు, ఇంటిపేరు, చెప్పుల ఖరీదు దానికి అక్కర్లేదు. అంత పెద్ద ప్రాణి మన మాట విన్నదన్న సంగతి ఒంటికి తెలుస్తుంది, అది పుస్తకంలో దొరకదు.

డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి మోకాళ్ళ కింద చచ్చుబడింది. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇంకొకరి సాయం కావాలి. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ పోటీలో రజతం గెలిచింది, 1956లో మళ్ళీ గెలిచింది. ఆమె తరువాత యూరప్‌లో గుర్రపు స్వారీని చికిత్సగా వాడటం బాగా వ్యాపించింది.

ఇక మన దేశం సంగతి. రాజస్థాన్, గుజరాత్‌లలో దళిత వరుడు గుర్రమెక్కాడని దాడులు జరిగిన వార్తలు, పోలీసు కాపలాతో సాగిన ఊరేగింపుల వార్తలు మనం చదివినవే. అదే దేశంలో, హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణకు వెళ్ళినవారికి గుర్రపు స్వారీ ఒక పాఠం. మన హాస్టల్ నుంచి ఎవరు ఎంపికైనా అక్కడ గుర్రం ఎక్కాల్సిందే!

అంతదాకా ఆగనక్కర్లేదు. ఎన్.సి.సి.లో రిమౌంట్ అండ్ వెటర్నరీ అనే విభాగం ఉంది, అందులో కేడెట్లకు స్వారీ, గుర్రాల సంరక్షణ నేర్పుతారు. మన రాష్ట్రంలో ఆ యూనిట్ తిరుపతిలో ఉంది. బైపీసీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, వెటర్నరీ వైపు చూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకొక్క మాట. మనలో ఎంతోమందిమి పత్తి చేలల్లో, మిరప తోటల్లో పగ్గం పట్టి ఎద్దులను నడిపినవాళ్ళమే. ఒంగోలు గిత్త బెదిరినప్పుడు గొంతు తగ్గించి, పక్కన నిలబడి, నిమిరి దారికి తెచ్చినవాళ్ళమే. దాన్ని చదువుగా ఎవరూ లెక్కెయ్యలేదు, మనమూ లెక్కెయ్యలేదు. ఈసారి ఇంటర్వ్యూలో "మీకేం వచ్చు?" అని అడిగితే ఆ పని సంగతి కూడా చెప్పండి.