తరగతి గదిలో అభ్యసన సిద్ధాంతాలు: గుంటూరు, ప్రకాశం మెట్టప్రాంతాల దృష్ట్యా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విద్యను గురించిన చర్చలలో ‘ఎట్లు బోధించవలె’నన్న ప్రశ్నకు లభించినంత స్థానం ‘శిశువు ఎట్లు నేర్చుకొంటా’డన్న ప్రశ్నకు లభించడం లేదు. ఈ రెండవ ప్రశ్నకు ఇరవయ్యవ శతాబ్దపు మనోవిజ్ఞానశాస్త్రం చెప్పిన సమాధానాలలో ప్రవర్తనావాదం, సాంఘిక సంజ్ఞాన సిద్ధాంతం ముఖ్యమైనవి. వీటిని గుంటూరు, ప్రకాశం మెట్టప్రాంతాలలోని బడిపిల్లల స్థితితో సమన్వయించి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ నేలలో కొంత పల్నాడు, బాపట్ల జిల్లాలలో చేరినది. పంటలు మాత్రం అవే, సమస్యా అదే.

ఆ సమస్య ఇది. కార్తికం మొదలు పత్తితీతలు, పుష్యం నుండి చైత్రం వరకు మిరపకోతలు సాగుతాయి. ఆ నెలలలో కూలి కుటుంబాల పిల్లలు కొందరు బడికి దూరమవుతారు. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని కోసిగి, ఆదోని పరిసరాల నుండి ‘సుగ్గి’కి వలస వచ్చే కుటుంబాల పిల్లల స్థితి మరింత క్లిష్టం. కోతలు ముగిసి తిరిగి వచ్చిన బాలుడు పాఠంలో వెనుకబడి ఉంటాడు. తరగతి అతనిని స్వీకరించే తీరుపైననే తరువాతి చదువు ఆధారపడి ఉంటుంది.

ప్రవర్తనావాదం – దాని బలం, దాని పరిమితి

రష్యా దేశీయుడైన పావ్‌లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు, 1898లో థార్న్‌డైక్ పిల్లులపై చేసిన ప్రయోగాలు ఈ వాదానికి పునాదులు. 1913లో వాట్సన్ దీనికి వాదరూపమిచ్చాడు. స్కిన్నర్ (1904–1990) దీనిని తరగతి గదికి అన్వయించాడు. సంతృప్తినిచ్చే ఫలితం గల చర్య బలపడుతుందని థార్న్‌డైక్ ఫలితనియమం. అట్లు బలపరచే ఫలితాన్ని స్కిన్నర్ పునర్బలనమన్నాడు. పాఠాన్ని చిన్నచిన్న అంచెలుగా విభజించి, ప్రతి అంచెలోను విద్యార్థి ఇచ్చిన సమాధానం సరియైనదో కాదో వెంటనే తెలియజేయవలెనని అతని బోధనా విధానం. అక్షరాభ్యాసం, ఎక్కాలు, శబ్దరూపాలు వల్లె వేయించడం మొదలైన వాటిలో ఈ విధానం సత్ఫలితమిస్తుందనుటకు సందేహం లేదు.

ప్రభుత్వ పథకాలలోను ఈ సూత్రం కనిపిస్తుంది. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆదేశాన్ని అనుసరించి మన రాష్ట్రంలో 2003 జనవరి నుండి అమలైన మధ్యాహ్న భోజనం, 2020 జనవరిలో 75 శాతం హాజరు నిబంధనతో తల్లికి ఏటా 15,000 రూపాయలు ప్రకటించిన అమ్మ ఒడి ఇందుకు నిదర్శనాలు. ఇవి బాలుని బడి వాకిటికి తేగలవు. వాకిలి దాటిన తరువాత జరుగవలసిన పని వేరు.

దండన విషయంలో స్కిన్నర్ అభిప్రాయాన్ని మనవారు తరచుగా విస్మరిస్తారు. దండన చెడు ప్రవర్తనను అణచునే గాని నిర్మూలించదని, మంచి ప్రవర్తనను నేర్పదని అతని నిర్ణయం. కోతల నుండి తిరిగి వచ్చిన బాలుని తొలిదినమే బెత్తంతోనో పరిహాసంతోనో ఎదుర్కొన్నామనుకొందాం. మరునాడు బడి మానితే అతనికి ఆ బాధ తప్పుతుంది. బాధ తప్పడమే పునర్బలనమై బడి మానే అలవాటును దృఢపరుస్తుంది. అనగా గైర్హాజరును దండించి గైర్హాజరునే నేర్పినవారమవుతాము. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ విభాగం శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. ఆ నిషేధానికి కరుణతో పాటు శాస్త్రం కూడ ఆధారమని గ్రహించవలె.

వీధిబడి సాక్ష్యం

ఈ సిద్ధాంతాలకు పేర్లు కొత్తవి గాని ఆచరణ మనకు కొత్త కాదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ విద్యను గురించి కలెక్టర్ల నుండి నివేదికలు కోరినాడు. గుంటూరు కలెక్టరు పంపిన లెక్కలో 574 పాఠశాలలు కనిపిస్తాయి. ఇవి గాక 171 చోట్ల 939 మంది విద్యార్థులు వేదాంతం, ధర్మశాస్త్రం, జ్యోతిషం మొదలైనవి పండితుల వద్ద అభ్యసిస్తున్నట్లున్నది.

ఆ బడులలో బోధన జరిగిన తీరు తెలిసికొనుటకు అదే విచారణలో బళ్లారి కలెక్టరు, తెలుగు వ్యాకరణకర్త ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక ఉపకరిస్తుంది. ఆ జిల్లాలో తెలుగు, కన్నడ బడులు రెండూ ఉండేవి. ఉదయం అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి సున్న చుట్టేవారు. అది పొగడ్తా కాదు, తెగడ్తా కాదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. సోమరులకు గుంజీలు, చేతులు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం ఉండేవి. స్కిన్నర్‌కు శతాబ్దం ముందే బహుమాన దండనల క్రమపట్టిక మన బడులలో ఉన్నదన్నమాట.

అయితే క్యాంబెల్ మెచ్చుకొన్నది దానిని కాదు. పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పుచు, తమ చదువును కూడ దృఢపరచుకొనే పద్ధతిని అతడు శ్లాఘించినాడు. మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఇట్టి పద్ధతినే అమలుచేసి, 1797లో లండనులో గ్రంథరూపంలో ప్రకటించగా అది ఇంగ్లండులో వ్యాపించినది. వీధిబడి అంతరించిన తరువాత మనం దాని బెత్తాన్ని చాలకాలం నిలుపుకొన్నాము. అందులోని సహపాఠి బోధనను మాత్రం మరచిపోయినాము.

సాంఘిక సంజ్ఞాన సిద్ధాంతం

ఆల్బర్ట్ బండూరా (1925–2021) 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శిశుపాఠశాలలో తన సహచరులతో కలిసి చేసిన ప్రయోగం సుప్రసిద్ధం. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక వ్యక్తి కొట్టుచుండగా చూచిన శిశువులు, తరువాత తామును అట్లే కొట్టినారు. చూచిన సమయంలో వారికి ప్రతిఫలమేదీ ముట్టలేదు. చూచుటయే వారికి నేర్పినది. కొట్టే ఉపాధ్యాయుడు పాఠంతోపాటు కొట్టుటను కూడ నేర్పుతాడని దీనివల్ల స్పష్టం. 1977లో సాంఘిక అభ్యసన సిద్ధాంతంగా గ్రంథస్థమైన ఈ భావనలను బండూరా 1986లో సాంఘిక సంజ్ఞాన సిద్ధాంతంగా విస్తరించినాడు.

పరిశీలన ద్వారా నేర్చుటలో నాలుగు ప్రక్రియలున్నవని బండూరా మతం. అవి అవధానం, ధారణ, పునరుత్పాదన, ప్రేరణ. మొదటి రెండు మాటలు అవధానవిద్య ఎరిగిన తెలుగువారికి చిరపరిచితాలు. ఈ నాల్గింటికి మిరపచేనే మంచి ఉదాహరణ. తల్లి పక్కన సాలులో నిలిచిన పిల్ల, పండిన కాయను తొడిమతో ఎట్లు తుంచుతున్నదో, పచ్చికాయను ఎట్లు వదలుతున్నదో చూస్తుంది: ఇది అవధానం. ఏ రంగు వచ్చిన కాయ కోతకు తగినదో మనసున నిలుపుకొంటుంది: ఇది ధారణ. తానే తుంచి చూచి, కొమ్మ విరిగితే మరల సవరించుకొంటుంది: ఇది పునరుత్పాదన. కల్లంలో తాలుకాయలు ఏరుతూ పెద్దల మెప్పు పొందుతుంది: ఇది ప్రేరణ. పిల్లలను కోతకు పంపుట సమంజసమని దీని భావం కాదు. పొలంలో ఇంత సూక్ష్మమైన వివేచన నేర్చిన పిల్లను బడిలో మందబుద్ధి అనుట అసత్యమని మాత్రమే భావం. ఆమె బుద్ధిలో లోపం లేదు. చూచి నేర్చుకొనే అవకాశం పొలంలో ఉన్నది, తరగతిలో కొరవడినది.

శ్రేష్ఠుడా, సమానుడా?

శ్రేష్ఠుని ఆచరణను లోకం అనుసరిస్తుందని భగవద్గీత తృతీయాధ్యాయం బోధిస్తున్నది. ఆధునిక పరిశోధన దీనికొక అనుబంధం చేర్చినది. తీసివేత లెక్కలలో వెనుకబడిన పిల్లలపై షంక్, హాన్సన్ 1985లో ప్రకటించిన అధ్యయనంలో, ఉపాధ్యాయుడు చేయగా చూచినవారికంటె సాటి విద్యార్థి చేయగా చూచినవారికి ఆత్మవిశ్వాసము, ఫలితము కూడ మెరుగుగా ఉన్నవి. శ్రేష్ఠుని చూచినపుడు ‘ఆయన చేయగలరు’ అనిపిస్తుంది. సమానుని చూచినపుడు ‘నేనును చేయగలను’ అనిపిస్తుంది. ఈ రెండవ భావాన్నే బండూరా స్వీయసామర్థ్య విశ్వాసమన్నాడు. దానికి స్వానుభవంలోని విజయం, సాటివారి విజయదర్శనం, ప్రోత్సాహవచనం, మనోదేహస్థితి అను నాలుగు మూలాలు. తిరిగి వచ్చిన బాలుడు కోల్పోయినది పాఠాలనే కాదు, ఈ విశ్వాసాన్ని కూడ. పాఠాన్ని మరల చెప్పవచ్చు. విశ్వాసాన్ని మాత్రం చూపించవలసినదే.

ఆచరణ

సంధిపాఠాన్నే తీసికొందాం. ‘దేవేంద్రుడు’ అన్న పదాన్ని ఒక విద్యార్థి నల్లబల్లపై విడదీస్తూ తన ఆలోచనను పైకి చెప్పవలె: “దీర్ఘం కనిపించగానే సవర్ణదీర్ఘ సంధి అనుకొన్నాను. విడదీస్తే దేవ, ఇంద్రుడు అని వచ్చినది. అకారం, ఇకారం సవర్ణాలు కావు. రెండూ కలిసి ఏకారమైనది కనుక ఇది గుణసంధి.” పొరపాటును, దాని దిద్దుబాటును చూచిన పిల్లవాడు తన పొరపాటుకు సిగ్గుపడడు. ఇందుకు క్రితం ఏడు తానే వెనుకబడి కోలుకొన్న విద్యార్థిని ఎన్నుకొనుట ఉత్తమం. ఆ తరువాత వెనుకబడినవానికి చిన్న అంచెల అభ్యాసం, వెంటనే దిద్దుబాటు, చేసిన పనిని పేర్కొని మెచ్చుకొనుట అవసరం. ఇక్కడ స్కిన్నర్ విధానం బండూరా విధానానికి తోడ్పడుతుంది.

రెండు జాగ్రత్తలు అవసరం. బోధించే బాధ్యత ఒక్కనికే స్థిరపడితే అది పెత్తనమవుతుంది గనుక విద్యార్థులు వంతులవారీగా దానిని నిర్వహించవలె. పిల్లలు మంచినే గాక చెడును కూడ చూచి నేర్చుతారు గనుక, కులభేదం, పేదరికం కూర్చునే వరుసలలో ప్రతిబింబించకుండ ఉపాధ్యాయుడు చూడవలె.

ఉపసంహారం

ప్రవర్తనావాదం అలవాటును వివరిస్తుంది, సాంఘిక సంజ్ఞాన సిద్ధాంతం ఆశను వివరిస్తుంది. తరగతికి రెండూ కావలె. కాని కోతలు ముగిసి చైత్రంలో బడి గుమ్మం ముందు సంకోచిస్తూ నిలిచిన బాలునికి మొదట కావలసినది తనవంటివాడొకడు లోపల చదువుతున్నాడన్న దృశ్యం. వానిని పిలిచి ఆ సహపాఠి పక్కన కూర్చుండబెట్టుటతోనే ఉపాధ్యాయుని పని ఆరంభమవుతుంది.